ఆలుగడ్డ ఎప్పుడు నాటాలి: పాలమూరు, నల్లగొండ పెరళ్లకు కార్తెల లెక్క

ఆలుగడ్డ నాటడం గురించి ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేవి చలిదేశాల వీడియోలు. మంచు కరిగాక, మార్చిలోనో ఏప్రిల్‌లోనో నాటండి అంటారు వాళ్లు. వాళ్ల నేలకు అది సరైన మాటే. అదే మాట పట్టుకొని నల్లగొండలో మార్చిలో నాటితే, చెట్టు నాలుగు ఆకులు వేసేసరికి ఎండ మండిపోతుంటుంది. ఇక గడ్డ ఊరే మాటే ఉండదు. ఆ తర్వాత కనిపించేవి ఉత్తరాది రైతుల వీడియోలు. పంజాబ్‌లో, ఉత్తరప్రదేశ్‌లో సెప్టెంబర్ ఆఖరు నుంచే ముందస్తు నాట్లు మొదలవుతాయి, ఎందుకంటే అక్కడ నవంబర్‌కే గట్టి చలి దిగుతుంది. మనకు దిగదు. మహబూబ్‌నగర్ (పాలమూరు), నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఆలుగడ్డకు ఏడాదికి ఒక్కటే అదును. అది తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఎరువు తక్కువైనా, నేల కాస్త గట్టిగా ఉన్నా ఎంతో కొంత పంట వస్తుంది. తేదీ తప్పితే మాత్రం ఏమీ రాదు. అందుకే ముందుగా తేదీ సంగతి తేల్చుకుందాం.

చలి రాత్రుల నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఆలుగడ్డ చెట్టు పగలంతా ఆకుల్లో ఆహారం తయారు చేసుకుంటుంది. అది పిండిపదార్థంగా మారి గడ్డలో చేరాలంటే రాత్రి చల్లగా ఉండాలి. రాత్రి 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే గడ్డ బాగా ఊరుతుంది. 20 దాటితే మందగిస్తుంది. ఇంకా వేడెక్కితే చెట్టు తను చేసుకున్నదంతా ఆకులు, కాండం పెంచుకోవడానికే వాడేస్తుంది. "చెట్టు ఏపుగా పెరిగింది, తవ్వి చూస్తే గోలీకాయలంత గడ్డలు" అనే ఫిర్యాదు మన దగ్గర తరచూ వినపడేది ఇందుకే. అది ఎరువు లోపం కాదు.

నాటిన 10 నుంచి 15 రోజులకు మొలక పైకొస్తుంది. 30, 35 రోజులకు భూమిలో గడ్డలు కట్టడం మొదలవుతుంది. అక్కడి నుంచి మరో 40, 50 రోజులు అవి ఊరుతాయి. మన దగ్గర నమ్మకంగా చల్లగా ఉండే రాత్రులు నవంబర్ ఆఖరు నుంచి జనవరి ఆఖరు వరకు. గడ్డ ఊరే ఆ 40, 50 రోజులూ ఈ రెండు నెలల్లోనే పడాలి. అక్కడి నుంచి నెల రోజులు వెనక్కి వస్తే నాటాల్సిన తేదీ దొరుకుతుంది: అక్టోబర్ 20 నుంచి నవంబర్ 15 లోపు.

చాలామంది దసరాకు నాటాలనో, దీపావళికి నాటాలనో గుర్తు పెట్టుకుంటారు. పండుగలతో ఒక చిక్కుంది. అవి చంద్రుడి లెక్క మీద నడుస్తాయి కాబట్టి ఏటా తేదీలు మారుతుంటాయి. దీపావళి 2025లో అక్టోబర్ 20న వచ్చింది, 2026లో నవంబర్ 8న వస్తుంది. పంతొమ్మిది రోజుల తేడా అంటే ఆలుగడ్డకు చాలా ఎక్కువ. కార్తెలు అలా కాదు, సూర్యుడి లెక్క కాబట్టి ఒక రోజు అటూ ఇటూగా అదే తేదీకి వస్తాయి. పెద్దవాళ్లు వ్యవసాయాన్ని కార్తెలతో కొలిచింది ఊరికే కాదు.

హస్త కార్తె అక్టోబర్ 10 ప్రాంతంలో ముగుస్తుంది. అప్పటిదాకా గడ్డ భూమిలో పెట్టకండి. నేల వేడిగా, తడిగా ఉంటుంది, విత్తనం మొలకెత్తక ముందే కుళ్లుతుంది.

చిత్త కార్తె అక్టోబర్ 11 నుంచి 23 వరకు. వానలు పూర్తిగా వెనక్కి పోవు. చిత్త కురిస్తే చింతలు కాస్తాయని సామెత ఉంది, చింతలకు మంచిదేమో గానీ అప్పుడే నాటిన ఆలుగడ్డకు మంచిది కాదు. కొంచెం ఎత్తైన పాలమూరు, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు వాళ్లు, నీళ్లు నిలవని ఎర్రనేల ఉంటే, ఈ కార్తె చివరి నాలుగు రోజుల్లో మొదలుపెట్టొచ్చు.

స్వాతి కార్తె అక్టోబర్ 24 నుంచి నవంబర్ 5 వరకు. ఒక్క తేదీ చెప్పమంటే నేను స్వాతి రెండో వారమే చెబుతాను. వాన ముప్పు తగ్గుతుంది, పగటి వేడి 30, 31కి దిగుతుంది, ముందు మూడు నెలలు మిగిలి ఉంటాయి.

విశాఖ కార్తె నవంబర్ 6 నుంచి 18 వరకు. మిర్యాలగూడ, కోదాడ వైపు పల్లపు ప్రాంతాలకు, కృష్ణ, తుంగభద్ర ఒడ్డున గద్వాల, అలంపూర్‌లకు ఇది స్వాతి కన్నా నయం. అక్కడ రాత్రులు ఆలస్యంగా చల్లబడతాయి. పైగా అక్టోబర్ ఆఖరున బంగాళాఖాతంలో వాయుగుండం పడితే తూర్పున ఉన్న నల్లగొండ, సూర్యాపేటలకే ముందు తగులుతుంది.

అనూరాధలో, అంటే నవంబర్ 19 తర్వాత నాటితే వస్తుంది గానీ గడ్డ చిన్నది, దిగుబడి సగం. డిసెంబర్‌లో వద్దు. ఆ స్థలంలో పాలకూర, కొత్తిమీర, ముల్లంగి వేసుకుంటే హాయిగా తినొచ్చు.

తేదీతో పాటు ఫోన్‌లో వాతావరణం కూడా ఓసారి చూడండి. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత వరుసగా నాలుగైదు రోజులు 21, 22కి దిగి, ఇంకా తగ్గేలా కనిపిస్తే నాటొచ్చు. వాయుగుండం అని వార్తల్లో చెబితే మాత్రం ఎంత మంచి కార్తె అయినా నాలుగు రోజులు ఆగండి. తెలంగాణలో ఆలుగడ్డ పెద్ద ఎత్తున పండించే జహీరాబాద్ రైతులు కూడా దాదాపు ఇదే కాలంలో నాటుతారు. వాళ్లది మనకన్నా ఎత్తైన నేల, చలి ఎక్కువ, అందుకే కొన్ని రోజులు ముందూ వెనకా అయినా వాళ్లకు నడుస్తుంది.

విత్తనం: అక్టోబర్ మొదటి వారంలోనే మొదలుపెట్టాలి

నాటేది స్వాతిలో అయినా పని మొదలయ్యేది అంతకు మూడు వారాల ముందు. విత్తన గడ్డకు మొలకలు తెప్పించుకోవాలి.

సర్టిఫైడ్ విత్తనం బస్తాల లెక్కన అమ్ముతారు, పెరటికి అంత అక్కర్లేదు. అంగడిలో కొన్న గడ్డ పనికొస్తుందా అంటే, అక్టోబర్‌లో అయితే పనికొస్తుంది. ఆ నెలలో మనకొచ్చేది ఎక్కువగా ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీల్లో ఉంచిన పాత సరుకు. ఫిబ్రవరి, మార్చిలో తవ్విన గడ్డ అది, దాని నిద్ర ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. నాలుగు రోజులు బయటి గాలి తగిలితే కళ్ల దగ్గర మొలకలు ఉబ్బుతాయి. డిసెంబర్‌లో వచ్చే కొత్త గడ్డ, గోటితో గీరితే తోలు ఊడేది, అస్సలు వద్దు. తవ్విన రెండు నెలలకు గానీ దానికి మొలక రాదు.

కోడిగుడ్డు సైజు గడ్డలు ఏరుకోండి, 40 నుంచి 50 గ్రాములవి. మచ్చలు, మెత్తదనం, పచ్చి వాసన ఉన్నవి పక్కన పెట్టండి. కోడిగుడ్ల అట్ట ట్రేలో కళ్లు ఎక్కువగా ఉన్న కొస పైకి ఉండేలా వరుసగా పేర్చి, వెలుతురు తగిలి ఎండ తగలని చోట పెట్టండి. వరండా చాలు. రెండు మూడు వారాల్లో అర అంగుళం పొడవున లావుపాటి, ముదురు రంగు మొలకలు వస్తాయి. చీకట్లో పెడితే తెల్లగా, పొడుగ్గా, సన్నగా సాగి ముట్టుకుంటే విరిగే మొలకలొస్తాయి. ఒక్కటే మొలక కొస నుంచి పొడుగ్గా వస్తే దాన్ని తుంచేయండి, మిగతా కళ్లు కూడా లేస్తాయి. మూడు వారాలకూ కదలని గడ్డలుంటే అవి మొలక రాకుండా మందు పట్టించిన సరుకు అయ్యుండొచ్చు, కూరకు వాడేసి వేరే దుకాణంలో కొనండి.

రకం ఎంచుకునే అవకాశం దొరికితే కుఫ్రీ సూర్య కోసం అడగండి. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ వేడిని తట్టుకునేలా తయారు చేసిన రకం అది, 2006లో విడుదలైంది. రాత్రులు 20 డిగ్రీలున్నా గడ్డ కడుతుంది. కుఫ్రీ లవ్‌కర్ దక్కన్ పీఠభూమికి నప్పే, తొందరగా వచ్చే రకం. అంగట్లో అయితే రకం పేరు చెప్పేవాళ్లు దొరకరు, దాని గురించి టెన్షన్ పడకండి.

గడ్డను కోసి నాటాలా, నిండుగా నాటాలా అన్నది చాలామంది అడుగుతారు. నవంబర్ మొదటి వారం దాటే వరకు మన నేలలో వేడి ఉంటుంది, కోసిన ముఖం నుంచి కుళ్లు ఎక్కుతుంది. అందుకని చిన్న గడ్డ నిండుగా నాటడమే మేలు. పెద్దవే దొరికితే నిలువుగా కోయండి, ప్రతి ముక్కకూ రెండు కళ్లైనా ఉండాలి, ముక్క 30 గ్రాములకు తగ్గకూడదు. ఒక గడ్డ కోశాక కత్తిని డెట్టాల్ నీళ్లలో ముంచి ఇంకోటి కోయండి. ముక్కల్ని నీడలో గోనెసంచి మీద రెండు రోజులు ఆరనిస్తే కోసిన చోట పొర కడుతుంది, అప్పుడు నాటాలి. కొందరు కట్టెల బూడిద అద్దుతారు. కొద్దిగా అయితే పర్వాలేదు, నేలలో గుమ్మరిస్తే మాత్రం గడ్డకు గజ్జి పడుతుంది.

నేల, మడి

మనకు ఎక్కువగా ఉన్న ఎర్ర చల్కా నేల ఆలుగడ్డకు అనువైనది. దుబ్బ నేలా మంచిదే, నీళ్లు కాస్త తరచుగా ఇవ్వాలి. నల్లరేగడి అయితే ఎత్తైన బోదెలు తీయక తప్పదు, ఎండితే పగుళ్లిచ్చి గడ్డ బయటపడుతుంది. బోరు నీళ్లకు నేల మీద తెల్లటి పొర కట్టే చౌడు చోటు వదిలేసి గ్రోబ్యాగుల్లో పెట్టుకోండి.

టమాట, వంకాయ, మిరప మొన్నటిదాకా ఉన్న మడిలో ఆలుగడ్డ వద్దు. అవన్నీ ఒకే కుటుంబం, వాటి తెగుళ్లు నేలలో కాచుకొని ఉంటాయి. చిక్కుడు, బెండ, ఆకుకూరలు తీసేసిన మడి మంచిది.

పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు మడి అనుకుందాం. దానికి 10 నుంచి 15 కిలోల పెంట ఎరువు, బాగా మాగి మట్టి వాసన వచ్చేది, వేసి జానెడు లోతు తవ్వి కలపాలి. పచ్చి పేడ వేస్తే గడ్డ మీద గజ్జి మచ్చలు వస్తాయి, చెద కూడా చేరుతుంది. ఎర్రనేలలో చెద ఎలాగూ ఉంటుంది కాబట్టి అరకిలో వేప పిండి కలపండి. పాలమూరులో ఆముదం పిండి సులువుగా దొరుకుతుంది, మంచి ఎరువే. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం దాని జోలికి పోకండి. వాసనకు తవ్వుకొని తింటుంది, అది దానికి విషం.

నాటే రోజు

ముందు రోజో, అంతకు ముందు రోజో మడికి నిండా నీళ్లు పెట్టండి. పదును వచ్చాక నాటాలి. పిడికెడు మట్టి తీసి పిసికితే ముద్ద కావాలి, ఆ ముద్దను వేలితో తడితే విడిపోవాలి. అదీ పదును. చేతికి అంటుకుంటే ఇంకో రోజు ఆగండి.

సాయంత్రం పూట నాటండి. రెండు అడుగుల ఎడంతో రెండు సాళ్లు తీసి, సాలులో జానెడు దూరానికి ఒకటి చొప్పున, మొలకలు పైకి ఉండేలా గడ్డలు పెట్టండి. మూడు అంగుళాల మట్టి కప్పి, సాలు మీద చిన్న బోదెలా ఎత్తు చేయండి. ఈ మడిలో సుమారు 26 గడ్డలు పడతాయి, అంటే కిలో పైచిలుకు విత్తనం. చెట్టుకు పావుకిలో వచ్చినా ఆరు కిలోలు దాటుతుంది.

నాటిన వెంటనే నీళ్లు పెట్టకండి. ఈ ఒక్క మాట వినేవాళ్లు తక్కువ. కొత్తగా నాటిన ఏ మొక్కకైనా నీళ్లు పోయడం మన చేతికి అలవాటు. ఆలుగడ్డ నాటేటప్పుడు దానికి కావలసిన నీళ్లు దాని లోపలే ఉంటాయి, పదును ఉన్న నేల ఉంటే మొలక రావడానికి అది చాలు. ఐదారు రోజులకు మట్టి రెండు అంగుళాల లోతున కూడా పొడిగా ఉంటే అప్పుడు తేలికగా తడపండి.

ఇక నీడ. నల్లగొండ వైపు సాగర్ ఆయకట్టు ఊళ్లలో అప్పటికి వరి కోతలు సాగుతుంటాయి, గడ్డి దొరకడం కష్టం కాదు. బోదెల మీద నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి పరిస్తే మధ్యాహ్నపు వేడి నేలలోకి దిగదు, తడి ఆరదు, కలుపు రాదు. మన ఎండకు ఇది ఏ ఎరువు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. చెద ఎక్కువున్న చోట మాత్రం మొలకలు పైకొచ్చాకే పరచండి.

మిద్దె తోట వాళ్లకు పద్ధతి ఇదే, పాత్ర వేరు. పదిహేను అంగుళాల గ్రోబ్యాగు లేదా సిమెంట్ బస్తా అంచు సగానికి మడిచి, అడుగున చిల్లులు పెట్టి, మూడో వంతు మట్టి నింపి రెండు గడ్డలు పెట్టండి. చెట్టు పెరిగేకొద్దీ మడత విప్పుతూ మట్టి నింపుకుంటూ పోవచ్చు. స్లాబు వేడి బస్తాలోకి ఎక్కకుండా కింద రెండు ఇటుకలు పెట్టండి. పడమటి ఎండ తగలని మూల చూసుకోండి. మిద్దె మీద స్వాతి కన్నా విశాఖ కార్తెలో నాటడం మంచిది.

మట్టి ఎగదోయడం, నీళ్లు

చెట్టు ఆరేడు అంగుళాలు పెరిగాక, అంటే 25 నుంచి 30 రోజులకు, రెండు పక్కల నుంచీ మట్టి లాగి కాండానికి ఎగదోయాలి. పై నాలుగు ఆకులు కనిపిస్తే చాలు. మళ్లీ రెండు వారాలకు ఇంకోసారి. కొత్త గడ్డలు మనం నాటిన గడ్డకు కింద కాదు, పక్కన, పైన కడతాయి. వాటికి మట్టి కావాలి. వెలుతురు తగిలిన గడ్డ పచ్చబడుతుంది, అందులో సోలనిన్ అనే విషం చేరుతుంది, ఉడికించినా పోదు. పగుళ్లలోంచి బయటపడ్డ గడ్డ మీద దుంప తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది కూడా. మొదటిసారి ఎగదోసేటప్పుడు చెట్టుకో గుప్పెడు వర్మీ కంపోస్టు వేస్తే చాలు. యూరియా చల్లాలని చేతులు దురద పెడతాయి, వద్దు, ఆకు పెరిగి గడ్డ తగ్గుతుంది.

నీళ్లు బోదెల మధ్య కాలువలో పెట్టండి, బోదె మునగకూడదు. చల్కాలో వారానికోసారి, రేగడిలో పది రోజులకోసారి. గడ్డలు కట్టే నెల నుంచి రెండున్నర నెలల మధ్య తడి ఆగిపోకూడదు. బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా నిండా పెడితే గడ్డ పగులుతుంది, లేదా అల్లంలా కొమ్ములు వేస్తుంది.

పొద్దున లేచేసరికి మొక్క మొదలుకు తెగి పడి ఉంటే కాండం కొరికే పురుగు (కట్‌వర్మ్) పని, ఆ మొదట్లో మట్టి కెలికితే దొరుకుతుంది. ఆకుల కింద పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. మబ్బు పట్టి ముసురు వస్తే ఆకుమాడు తెగులు రావచ్చు, మచ్చ పడ్డ ఆకులు తుంచి కాల్చేయండి. పందికొక్కులున్న ఇంట్లో మడి చుట్టూ జాలీ దింపాలి. కోతుల సంగతి మీకే తెలుసు. టమాటలా పైకి కనిపించే కాయ కాదు కాబట్టి ఆలుగడ్డ కొంత నయం, ఒకసారి తవ్వి రుచి చూశాయంటే మాత్రం మీకు మిగిలేది గడ్డి.

తవ్వడం

స్వాతి మొదట్లో నాటిన వాళ్లు సంక్రాంతికి ఒక చెట్టు పక్కన మట్టి కెలికి నాలుగు గడ్డలు తీసుకోవచ్చు, మిగతా చెట్టు కదలకుండా. అసలు పంట 80 నుంచి 100 రోజులకు, ఆకులు పసుపెక్కి వాలిపోయాక. అప్పుడు నీళ్లు ఆపేసి, పైచెట్టు కోసేసి పది రోజులు వదిలేయండి. భూమిలోనే తోలు గట్టిపడుతుంది. బొటనవేలితో రుద్దితే తోలు ఊడకపోతే తవ్వే వేళయింది. పొద్దున్నే, గడ్డపారతో కాకుండా పారతో, మొదలుకు దూరంగా వేసి తిరగేయండి. తెగిన గడ్డలు ఆ పూటే కూరకు.

ఫిబ్రవరి రెండో వారం దాటనివ్వకండి. ఆకు ఇంకా పచ్చగా ఉందని కొందరు ఆగుతారు. నేల వేడెక్కాక గడ్డ పెరగదు సరికదా, లోపలే కుళ్లడం మొదలవుతుంది.

తవ్వినవి కడగకుండా మట్టి దులిపి, చీకటి గదిలో గోనె మీద పలచగా పరవండి. నెల, నెలన్నర నిలుస్తాయి. ఫ్రిజ్‌లో పెడితే తియ్యబడతాయి, వేయిస్తే నల్లగా మాడతాయి. వచ్చే ఏటి విత్తనానికని దాచుకోవాలనిపిస్తుంది గానీ మన వేసవిలో అక్టోబర్ దాకా నిలవవు. నిలిచినా పేనుబంక మోసుకొచ్చిన వైరస్ వాటిలో ఉంటుంది, ఏటికేడు గడ్డ చిన్నదవుతుంది. పంజాబ్ లాంటి చోట చలికాలంలో పేనుబంక లేని రోజులు చూసి విత్తనం పండిస్తారు, అందుకే దేశమంతా అక్కడి విత్తనం కోసం చూస్తుంది. మీరు మళ్లీ అక్టోబర్‌లో కొనుక్కోండి.

ఖాళీ అయిన మడిలో వేసవికి గోరుచిక్కుడు, బెండ, తోటకూర వస్తాయి. వంకాయ నారు మాత్రం అక్కడ పెట్టకండి.